మోగాల్సిన అలారమే మోగాలి!

దూరాన ఉన్న పరికరాలను కనిపెట్టుకుని ఉండే కొలువు.. పాత ల్యాప్‌టాప్ ఉంటే ఇంట్లోనే సాధన మొదలుపెట్టొచ్చు

ఫోన్‌లో సిగ్నల్ గీతలు పడిపోతే మనం చేసే పని ఒక్కటే. ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి, ఓసారి ఫ్లైట్ మోడ్ వేసి తీస్తాం. కానీ ఆ గీతలు పడిపోవడానికి గంటల ముందే ఊరవతల గుట్ట మీదున్న టవర్ తన కష్టం చెప్పుకొని ఉంటుంది. ‘కరెంటు పోయింది’ అని ఒకసారి, ‘జనరేటర్ స్టార్ట్ కాలేదు’ అని మరోసారి, ‘బ్యాటరీ దిగిపోతోంది’ అని ఇంకోసారి. వినాల్సిన మనిషి విన్నాడా, లేదా? మీ ఫోన్ మోగడం, మోగకపోవడం ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ఇలా ఎక్కడో ఉన్న పరికరాల మొర ఇక్కడున్న మనిషి చెవిన పడేలా చేసేదే నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. పొట్టిగా ఎన్‌ఎంఎస్. దాన్ని నడిపే చోటు నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్, అందరూ పిలిచే పేరు ఎన్‌ఓసీ. ఈసీఈ, ఈఈఈ డిప్లొమా చేసినవారు, బీటెక్, బీఎస్సీ కంప్యూటర్స్, ఎంసీఏ పూర్తిచేసినవారు ప్రయత్నించదగ్గ దారి ఇది. ‘కోడింగ్ నా వల్ల కాదు, హార్డ్‌వేర్ అంటే ఇష్టం’ అనుకునేవాళ్లు ఒకసారి ఇటు చూడండి.

ఎక్కడెక్కడ అవసరం?

మనుషులు కాపలా లేని చోట యంత్రాలు పనిచేస్తున్నాయంటే అక్కడ ఈ పని ఉన్నట్టే. మొబైల్ టవర్లు మొదటి ఉదాహరణ. భారత్‌నెట్, ఏపీ ఫైబర్‌నెట్, టీ-ఫైబర్ లాంటి ప్రాజెక్టులతో గ్రామాల దాకా ఫైబర్ వెళ్తోంది. ఆ దారిలో ఉన్న ప్రతి పరికరం పెట్టె మీదా ఎవరో ఒకరి కన్ను ఉండాలి. రైల్వే సిగ్నలింగ్, టెలికాం గదులు, విద్యుత్ సబ్‌స్టేషన్లు, తాగునీటి పంపింగ్ స్టేషన్లు, ఏటీఎంలు, ఆసుపత్రుల సర్వర్ గదులు.. వీటన్నిటికీ ఇదే సూత్రం. విద్యుత్, నీటి సరఫరా రంగాల్లో దీని చుట్టాన్ని ‘స్కాడా’ అంటారు. పేరు, పరికరాలు మారినా ఆలోచన ఒక్కటే. ఒకచోట నేర్చుకుంటే మరోచోటికి మారడం కష్టమేమీ కాదు.

ఓ అలారం ప్రయాణం

సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లే ముందు అలారం ఎలా పుడుతుందో చూద్దాం. టవర్ కింద ఉండే గదిలోనో, క్యాబినెట్‌లోనో తలుపుకి చిన్న స్విచ్, పైకప్పుకి పొగ సెన్సర్, జనరేటర్‌కి ఓ రిలే ఉంటాయి. ఇవి చేసేది రెండు తీగలను కలపడం లేదా విడదీయడం, అంతే. సొంతంగా కరెంటు పంపవు కాబట్టి వీటిని ‘డ్రై కాంటాక్ట్’ అంటారు. ఈ తీగలన్నీ ఓ చిన్న పెట్టెలోకి వెళ్తాయి. దాని పేరు రిమోట్ టెలిమెట్రీ యూనిట్, ఆర్‌టీయూ. అది తీగ కలిసిందా విడిపోయిందా అని చూసి, ఆ సంగతిని నెట్‌వర్క్ భాషలోకి మార్చి ఎన్‌ఎంఎస్ సర్వర్‌కి పంపుతుంది.

ఆ భాషే ఎస్‌ఎన్‌ఎంపీ. 1980ల చివర్లో పుట్టింది, ఇప్పటికీ రూటర్ నుంచి యూపీఎస్ దాకా ఎన్నో పరికరాలు దీన్ని మాట్లాడతాయి. ఇందులో రెండు పద్ధతులున్నాయి. సర్వరే నిమిషానికోసారి ‘ఎలా ఉన్నావ్?’ అని అడగడం పోలింగ్. ఇది యూడీపీ పోర్టు 161 మీద జరుగుతుంది. ఏదైనా తేడా వస్తే పరికరమే తనంతట తాను చెప్పడం ట్రాప్. ఇది పోర్టు 162కి వస్తుంది.

ఇక్కడో కిటుకుంది. ట్రాప్ అంటే పోస్టుకార్డు లాంటిది. పరికరం వేస్తుంది, అది చేరిందో లేదో దానికి తెలియదు. దారిలో పోతే పోయినట్టే. ట్రాప్‌లు వస్తాయి కదా అని పోలింగ్ మానేస్తే ఏదో ఒక రోజు దెబ్బ తగులుతుంది. రెండో వెర్షన్ నుంచి ‘ఇన్‌ఫామ్’ అనే పద్ధతి వచ్చింది. ఇది రిజిస్టర్డ్ పోస్టు లాంటిది, అందినట్టు జవాబు వస్తుంది.

పరికరంలోని ప్రతి విలువకీ ఓ చిరునామా ఉంటుంది. దాన్ని ఓఐడీ అంటారు. ఉదాహరణకు 1.3.6.1.2.1.1.3.0 అని అడిగితే, పరికరంలోని ఎస్‌ఎన్‌ఎంపీ ఏజెంట్ మొదలై ఎంతసేపయిందో చెబుతుంది. చాలా పరికరాల్లో పెట్టె ఆన్ అయినప్పుడే ఏజెంటూ మొదలవుతుంది కాబట్టి, అది రీస్టార్ట్ అయిందా అన్నది దీన్నిబట్టి పట్టుకోవచ్చు. ఈ అంకెలకు పేర్లు చెప్పే నిఘంటువు మిబ్ ఫైల్. కంపెనీలు తమ సొంత పరికరాలకు పెట్టుకునే చిరునామాలు 1.3.6.1.4.1 తో మొదలవుతాయి. కొత్త పరికరం చేతికొస్తే మొదట దాని మిబ్ ఫైల్ ఎక్కడుందో వెతకండి.

ఇంట్లోనే చిన్న ఎన్‌ఓసీ

ఈ పనిని పుస్తకంలో చదివితే రాదు. చేసి, చెడగొట్టి, మళ్లీ చేస్తేనే వస్తుంది. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్ చాలు.

● సాఫ్ట్‌వేర్: జాబిక్స్, లిబ్రెఎన్‌ఎంఎస్, నాగియోస్ కోర్, ఓపెన్‌ఎన్‌ఎంఎస్.. ఇవన్నీ ఓపెన్ సోర్స్, డబ్బు కట్టక్కర్లేదు. మొదటిసారి అయితే జాబిక్స్ మంచి ఎంపిక. వర్చువల్ మెషిన్‌లోకి నేరుగా ఎక్కించుకునే రెడీమేడ్ అప్లయన్స్‌ను కూడా ఆ సంస్థ ఇస్తోంది. ఒకసారి దానితో తిప్పి చూడండి. తర్వాత దాన్ని తీసేసి, ఉబుంటు మీద డేటాబేస్‌తో సహా మీరే ఇన్‌స్టాల్ చేయండి. నేర్చుకునేది ఆ రెండోసారే.

● పరికరం: ఇంకో చిన్న ఉబుంటు మెషిన్ పెట్టి, అందులో ఎస్‌ఎన్‌ఎంపీ ఏజెంట్ వేయండి. అదే మీ ‘టవర్ సైటు’ అనుకోండి.

● మొదటి అడ్డంకి: సర్వర్ నుంచి అడిగితే జవాబు రాదు! కంగారు పడొద్దు. వర్చువల్‌బాక్స్‌లో మామూలుగా ఉండే నాట్ సెట్టింగ్‌తో రెండు మెషిన్లు ఒకదానికొకటి కనిపించవు. బ్రిడ్జ్‌డ్ లేదా హోస్ట్-ఓన్లీకి మార్చండి. ఇక ఉబుంటులో ఎస్‌ఎన్‌ఎంపీ ఏజెంట్ వేయగానే తన మెషిన్ లోపలి నుంచి అడిగితేనే పలుకుతుంది. దాని కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఏజెంట్ అడ్రస్ లైన్ మార్చాలి. అప్పటికీ అన్ని విలువలూ చూపించదు, అనుమతుల లైన్ కూడా చూడాలి. ఈ మూడూ దాటితే పునాది పడినట్టే.

● పరీక్ష: జాబిక్స్‌లో చేర్చే ముందు ఎస్‌ఎన్‌ఎంపీవాక్ కమాండ్‌తో జవాబు వస్తోందో లేదో చూడండి. కమాండ్‌కే రానిది సాఫ్ట్‌వేర్‌కి ఎక్కడి నుంచి వస్తుంది? తప్పు ఎక్కడుందో విడదీసి చూసే ఈ అలవాటే ఉద్యోగంలో మిమ్మల్ని నిలబెడుతుంది.

● ట్రాప్‌లు: వీటిని జాబిక్స్ నేరుగా అందుకోదు. ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్‌డీ అనే ప్రోగ్రామ్ అందుకుని, ఓ స్క్రిప్ట్ ద్వారా ఫైల్‌లో రాస్తుంది. జాబిక్స్ ఆ ఫైల్‌ను చదువుతుంది. గొలుసులో ఏ లంకె తెగినా ట్రాప్ రాదు, కాబట్టి ఒక్కో లంకెనూ విడిగా పరీక్షించండి.

● కాస్త డబ్బు పెట్టగలిగితే: ఓ రాస్ప్‌బెర్రీ పై, తలుపులకు పెట్టే అయస్కాంతపు రీడ్ స్విచ్ కొనండి. స్విచ్ తెరుచుకుందా లేదా చెప్పే చిన్న స్క్రిప్ట్ రాసి, ఏజెంట్‌లోని ‘ఎక్స్‌టెండ్’ సదుపాయంతో దాన్ని ఓఐడీగా మార్చొచ్చు. మీ గది తలుపు తీయగానే ఫోన్‌కి టెలిగ్రామ్ మెసేజ్ వస్తే.. మీరు నిజమైన రిమోట్ అలారం పెట్టినట్టే.

అసలు పని ఇప్పుడే మొదలు

సాఫ్ట్‌వేర్ పెట్టాం, పరికరాలు చేర్చాం, అలారాలు వస్తున్నాయి. పని అయిపోయిందనుకుంటే పొరపాటే. రెడీమేడ్ టెంప్లేట్లు వేసి వదిలేస్తే తెల్లారేసరికి స్క్రీన్ నిండా ఎర్రగీతలే. వారం తిరిగేసరికి వాటిని చూడటం మానేస్తారు. ‘అది రోజూ వచ్చేదేలే’ అనే మాట ఎన్‌ఓసీలో అత్యంత ప్రమాదకరమైన మాట. ఆ రోజూ వచ్చే వాటి మధ్యలోనే అసలైనది వచ్చి కూర్చుంటుంది.

కాబట్టి మీ అసలు పని మోగించడం కన్నా ఏది మోగాలో తేల్చడం. ఓ గ్రామం టవర్‌నే తీసుకుందాం.

ఆగి చూడండి: మన ఊళ్లలో కరెంటు రెండు నిమిషాలు పోయి రావడం మామూలే. పోయిన ప్రతిసారీ అలారం ఎందుకు? ఐదు నిమిషాలు ఆగి, అప్పటికీ రాకపోతేనే చూపించమనండి. అదీ చిన్న హెచ్చరికగానే. కరెంటు పోయింది, పది నిమిషాలైనా జనరేటర్ స్టార్ట్ కాలేదు, బ్యాటరీ ఓల్టేజీ దిగుతోంది.. ఈ మూడూ కలిస్తేనే అది మనిషిని నిద్ర లేపాల్సిన అలారం.

గీత దగ్గర ఊగిసలాట వద్దు: టెలికాంలో 48 ఓల్టుల బ్యాటరీ వ్యవస్థ వాడతారు. 24 లెడ్ యాసిడ్ సెల్స్ ఉంటే, కరెంటు ఉన్నప్పుడు చార్జింగ్‌లో దాదాపు 54 ఓల్టులు చూపిస్తుంది. 48 కన్నా తగ్గితే అలారం అని పెట్టారనుకోండి. 47.9, 48.1, 47.9 అంటూ ఊగితే గంటలో యాభై అలారాలు వస్తాయి. అందుకే 48 కన్నా తగ్గితే మొదలవ్వాలి, 50 దాటాకే ముగియాలి అని రెండు గీతలు గీయాలి. దీన్నే హిస్టరిసిస్ అంటారు. జాబిక్స్‌లో ముగింపు షరతును విడిగా రాసే వీలుంది.

ఒక్కదానికి ముప్పై వద్దు: మండల కేంద్రంలోని రూటర్ ఆగిపోతే దాని వెనకున్న ముప్పై ఊళ్ల పరికరాలూ అందవు. అవన్నీ చెడిపోలేదు, దారి మాత్రమే తెగింది. ‘ఇది దాని మీద ఆధారపడి ఉంది’ అని ముందే చెప్పి ఉంచితే ఒక్క అలారమే కనిపిస్తుంది. లేదంటే ముప్పై చోట్లకి మనుషుల్ని పరుగెత్తిస్తారు.

తీగ తెగినా తెలియాలి: తలుపు అలారం తీగను మామూలప్పుడు కలిసి ఉండేలా, తెరిస్తే విడిపోయేలా కట్టండి. అప్పుడు ఎలుక తీగ కొరికినా అలారం వస్తుంది. తిరగేసి కడితే తీగ తెగిన రోజు నుంచి ఆ తలుపు ఎప్పటికీ ‘మూసే’ ఉంటుంది!

మాట అర్థం కావాలి: ‘డిజిటల్ ఇన్‌పుట్ 4 యాక్టివ్’ అని వస్తే రాత్రి షిఫ్టులో ఉన్న కొత్త కుర్రాడికి ఏం తెలుస్తుంది? ఏ సైటు, ఏమైంది, ఎంత సమయం ఉంది, ఎవరికి ఫోన్ చేయాలి.. ఈ నాలుగూ అలారంలోనే ఉండాలి. చేయాల్సిన పని ఏమీ లేని అలారం అయితే, అది అలారం కాదు. లాగ్‌లోకి పంపేయండి.

ఈ లెక్కలన్నీ తుపాను వేళ అక్కరకొస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. అలాంటి రోజున వందల సైట్లు ఒకేసారి మొరపెట్టుకుంటాయి. ఉన్న డీజిల్ ముందు ఎక్కడికి వెళ్లాలి? ఆసుపత్రి పక్కన ఉన్న టవర్‌కా, ఎవరూ లేని చోటికా? ఆ ప్రాధాన్యాన్ని తుపాను రోజున కూర్చుని రాయలేం. ముందే రాసి ఉంచాలి.

మౌనాన్ని నమ్మొద్దు

అలారాలు ఎక్కువైతే ఒక ముప్పు. అసలు రాకపోతే అంతకన్నా పెద్ద ముప్పు. 2003 ఆగస్టు 14న అమెరికాలో జరిగింది చూడండి. ఒహాయోలోని ఓ విద్యుత్ సంస్థ కంట్రోల్ రూమ్‌లో మధ్యాహ్నం 2.14 తర్వాత అలారం సాఫ్ట్‌వేర్ నిశ్శబ్దంగా ఆగిపోయింది. ఆగిపోయిందని చెప్పే ఏర్పాటు లేదు. ఆ తర్వాత చెట్లకు తగిలి పెద్ద లైన్లు ఒక్కొక్కటే ట్రిప్ అవుతున్నా స్క్రీన్ మీద కొత్త అలారం లేదు. ఆపరేటర్లు అంతా బాగుందనే అనుకున్నారు. గంటకు పైగా గడిచాక గాని సంగతి అర్థం కాలేదు. సాయంత్రం 4 దాటాక అమెరికా ఈశాన్య ప్రాంతంలో, కెనడాలోని అంటారియోలో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. అలారం ఆగిపోవడం ఒక్కటే కారణం కాకపోయినా, చేజారిన ఆ గంట విలువ చాలా ఎక్కువ.

మీ చిన్న ల్యాబ్‌లోనూ ఈ పాఠం పాటించండి. పరికరం నుంచి ఐదు నిమిషాలుగా ఏ సమాచారమూ రాకపోతే అదే ఓ అలారం కావాలి. జాబిక్స్‌లో దీనికి నోడేటా అనే ఫంక్షన్ ఉంది. ఎన్‌ఎంఎస్ సర్వర్ బతికే ఉందా అని ఇంకో మెషిన్ నుంచి చూస్తుండాలి. రోజూ ఉదయం ఓ పరీక్ష మెసేజ్ మీ ఫోన్‌కి వచ్చేలా పెట్టండి. అది రాని రోజున కాఫీ తాగకముందే సర్వర్ చూడండి. నెలకోసారి నిజంగా తలుపు తీసి, నిజంగా ప్లగ్ పీకి, మెసేజ్ మనిషి దాకా వచ్చిందో లేదో సరిచూడాలి. సైటుకి వెళ్లిన టెక్నీషియన్‌తో ఈ పరీక్ష చేయించే ఇంజినీరు ఉన్న చోట రాత్రులు ప్రశాంతంగా గడుస్తాయి.

తాళం వేయడం మరవొద్దు

చాలా పరికరాలు ‘పబ్లిక్’, ‘ప్రైవేట్’ అనే కమ్యూనిటీ పేర్లతో వస్తాయి. ఇవి పాస్‌వర్డ్ లాంటివే, కానీ లోకమంతటికీ తెలిసినవి. మొదటి రోజే మార్చేయండి. ఒకటి, రెండు వెర్షన్లలో ఈ పేర్లు దారిలో ఎవరైనా చదవగలిగేలా వెళ్తాయి. పరికరం ఒప్పుకుంటే గుర్తింపు, ఎన్‌క్రిప్షన్ రెండూ ఉన్న మూడో వెర్షన్ వాడండి. ఎన్‌ఎంఎస్ పేజీని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టొద్దు.

ఇంకో మాట. నేర్చుకునే ఉత్సాహంలో కాలేజీ నెట్‌వర్క్‌నో, హాస్టల్ వైఫైనో అనుమతి లేకుండా స్కాన్ చేయొద్దు. అనుమతి లేని చొరబాటును ఐటీ చట్టం-2000 తప్పుగానే చూస్తుంది. మీ సొంత మెషిన్లు చాలు.

ఉద్యోగంలో అడుగు ఎలా?

మొదటి మెట్టు సాధారణంగా ఎన్‌ఓసీ ఇంజినీర్ ఎల్1. అలారం చూడటం, టికెట్ వేయడం, ఫీల్డ్ వాళ్లకి ఫోన్ చేయడం, షిఫ్ట్ అప్పగించడం. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే రాత్రి షిఫ్టులుంటాయి, పండగ రోజున డ్యూటీ పడొచ్చు. ఫోన్‌లో స్పష్టంగా మాట్లాడటం, ఇంగ్లిష్‌లో నాలుగు లైన్ల రిపోర్ట్ రాయడం రావాలి. టికెట్లు వేస్తూ అక్కడే రెండు మూడేళ్లు ఉండిపోతే ఎదుగుదల ఆగిపోతుంది. ఏ అలారం రోజూ అనవసరంగా వస్తోందో లెక్క రాసుకుని, దాన్ని సరిచేసే మార్గం టీమ్ లీడ్ ముందు పెట్టండి. ఎల్2, ఎన్‌ఎంఎస్ ఇంజినీర్, ఆటోమేషన్ వైపు దారి అక్కడే తెరుచుకుంటుంది. కొంచెం పైథాన్ తోడైతే మరీ మంచిది.

సర్టిఫికేషన్లలో సీసీఎన్‌ఏ మంచి పునాది. నెట్‌వర్క్ పాఠాలతో పాటు ఎస్‌ఎన్‌ఎంపీ కూడా దాని సిలబస్‌లో ఉంది. లైనక్స్‌కి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ ఉంది. జాబిక్స్ సంస్థ కూడా సొంత సర్టిఫికేషన్లు ఇస్తోంది. కానీ మీ ల్యాబ్ ముందు ఇవన్నీ తర్వాతే. ఇంకో హెచ్చరిక: ‘ఎన్‌ఓసీలో ఉద్యోగం గ్యారంటీ, డిపాజిట్ కట్టండి’ అనేవాళ్లకి దూరంగా ఉండండి.

ఆరు వారాల ప్రణాళిక

1వ వారం: ఐపీ అడ్రస్‌లు, సబ్‌నెట్, పోర్టులు, లైనక్స్ ప్రాథమిక కమాండ్లు.
2వ వారం: రెండు వర్చువల్ మెషిన్లు, ఎస్‌ఎన్‌ఎంపీ ఏజెంట్, ఓఐడీ, మిబ్.
3వ వారం: జాబిక్స్ ఇన్‌స్టాలేషన్, పరికరం చేర్చడం, గ్రాఫ్‌లు.
4వ వారం: ట్రాప్‌లు, టెలిగ్రామ్ లేదా ఈమెయిల్ మెసేజ్‌లు.
5వ వారం: ఆలస్యం, రెండు గీతలు, ఆధారపడటం, ప్రాధాన్యం. అనవసర అలారాలు సగానికి తగ్గించడం లక్ష్యం.
6వ వారం: కావాలనే చెడగొట్టండి. సర్వర్ ఆపండి, తీగ పీకండి, డిస్క్ నింపండి. ఏది తెలిసింది, ఏది తెలియలేదో రెండు పేజీల్లో రాయండి.

ఇంటర్వ్యూకి ఇవి సిద్ధం చేసుకోండి

● పోలింగ్‌కి, ట్రాప్‌కి తేడా ఏమిటి? ఒక్కటే చాలదా?
● పరికరం పింగ్‌కి పలుకుతోంది, ఎస్‌ఎన్‌ఎంపీకి పలకడం లేదు. ఏమేం చూస్తారు?
● ఒకేసారి నలభై సైట్లు పోయాయి. మొదటి ఫోన్ ఎవరికి?
● రోజుకు వెయ్యి అలారాలు వస్తున్నాయి. ఎక్కడి నుంచి తగ్గిస్తారు?

ఈ ప్రశ్నలకు బట్టీ జవాబులు పనికిరావు. ఆరో వారంలో మీరు రాసిన ఆ రెండు పేజీలను ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి. ‘నా ల్యాబ్‌లో సర్వర్ ఆగిపోతే మొదట నాకు తెలియలేదు, తర్వాత తెలిసేలా చేశాను’ అని చెప్పగలిగితే, అవతల కూర్చున్నవారికి మీరు పని చేసి వచ్చారని వేరే చెప్పక్కర్లేదు.